అమెరికాలో జాత్యహంకార ఆరోపణలు, వార్తా మాధ్యమాలు, రాజకీయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వార్తలను తెలుగులో చదివేవారు, ఇక్కడికి కొత్తగా వచ్చిన విద్యార్థులు, పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్లడానికి వచ్చే తల్లిదండ్రులు ఈ విషయమై నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను, వాటికి నేను ఇచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను జార్జియా రాష్ట్రంలో ఉంటాను. ఈ రాష్ట్రంలోనే 2010లో జరిగిన షెర్లీ షెరాడ్ వ్యవహారానికి మిగిలినవాటికంటె ఎక్కువ చోటు ఇచ్చాను. ఆరోపణ ఎలా పుడుతుందో, ఎంత వేగంగా ప్రయాణిస్తుందో, ఎవరెవరి చేతుల్లో ఎలా మారుతుందో తెలుసుకోవడానికి అంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

తెలుగు పత్రికల్లో జాత్యహంకారం, జాతి వివక్ష, వర్ణవివక్ష అని రకరకాలుగా రాస్తారు. ఇవన్నీ ఒకటేనా?

వాడుకలో ఒకదానికి బదులు మరొకటి రాస్తున్నాం గాని, నిజానికి అవి ఒకటి కావు. అహంకారం మనసులో ఉండేది, వివక్ష చేతల్లో కనబడేది. తన జాతి గొప్పదని, ఎదుటివారిది తక్కువదని ఒక మనిషి లోలోపల అనుకుంటే అది జాత్యహంకారం. ఆ మనిషే ఒక రైతు అప్పు దరఖాస్తును తొక్కిపెట్టినా, ఇల్లు ఖాళీగా ఉండి కూడా అద్దెకు లేదని చెప్పినా అది జాతి వివక్ష. అహంకారం లేకుండా కూడా వివక్ష జరగవచ్చు. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన నిబంధనను, ఏ దురుద్దేశమూ లేని గుమాస్తా ఉన్నది ఉన్నట్టు అమలు చేసినా, నష్టం మాత్రం ఏటా ఒక జాతివారికే జరుగుతూ ఉండవచ్చు.

ఇంగ్లీషులో ఈ రెండింటికీ ‘రేసిజం’ అనే ఒకే మాట నడుస్తోంది. అమెరికా టీవీ చర్చల్లో సగం గొడవ ఇక్కడే పుడుతుందని నా అభిప్రాయం. ఒకరు వివక్ష గురించి ప్రశ్న వేస్తారు, రెండోవారు అహంకారం గురించి జవాబు చెబుతారు. “ఈ చట్టం వల్ల ఫలానావారి ఓట్లు పోతున్నాయి” అని ఒకరంటే, “నా గుండెల్లో ఎవరిమీదా ద్వేషం లేదు” అని రెండోవారు అంటారు. ఆ ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కాని రెండూ ఒక ప్రశ్నకు జవాబులు కావు. మన భాషలో ఆ తేడా మాటల్లోనే ఉంది కాబట్టి, వార్తను తెలుగులో రాసేవారు ఏ ఆరోపణ వచ్చిందో చూసి, అహంకారమా, వివక్షా అన్నది తేల్చుకుని రాస్తే పాఠకుడికి మేలు జరుగుతుంది.

అమెరికాలో రెండు రాజకీయ పక్షాల వాదనలు స్థూలంగా ఏమిటి?

2009 సెప్టెంబరులో జరిగింది చూస్తే అవి తేలికగా అర్థమవుతాయి. ఆ నెల 9వ తేదీన అధ్యక్షుడు ఒబామా ఆరోగ్య బీమా సంస్కరణలపై కాంగ్రెస్ ఉభయసభల ఎదుట ప్రసంగిస్తుండగా, దక్షిణ కరోలినాకు చెందిన రిపబ్లికన్ సభ్యుడు జో విల్సన్ మధ్యలో ఆయన అబద్ధమాడుతున్నారని అరిచారు. కొద్దిరోజులకు మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఒబామాపై కనబడుతున్న తీవ్ర విద్వేషంలో అధికభాగం ఆయన నల్లజాతీయుడు కావడంవల్లనే పుడుతోందని అన్నారు. దీన్ని రిపబ్లికన్లు ఖండించడంలో వింత లేదు. ఒబామా శ్వేతసౌధం కూడా దానితో ఏకీభవించలేదు. విమర్శలు విధానాలపై భేదాభిప్రాయాలవల్ల వచ్చినవేనని చెప్పింది.

కన్సర్వేటివుల, అంటే ఎక్కువగా రిపబ్లికన్ల, వాదన ఏమిటంటే, పన్నుల మీద, బీమా మీద, వలసల మీద తాము చెప్పే అభ్యంతరానికి జవాబు చెప్పకుండా నోరు మూయించడానికి ఈ ఆరోపణను ఆయుధంగా వాడుతున్నారు. లిబరల్స్, అంటే ఎక్కువగా డెమోక్రాట్ల, వాదన ఏమిటంటే, 1960ల తరువాత బాహాటంగా జాతి పేరెత్తి మాట్లాడేవారు తగ్గారేగాని, అదే పనిని వేరే మాటలతో చేస్తున్నారు, మనసులోని ఉద్దేశం నిరూపించమని అడగడం తప్పించుకునే మార్గం మాత్రమే. రెంటిలోనూ వాస్తవం ఉంది. అయితే ప్రతి సందర్భంలోనూ అది సమానంగా ఉండదు. ఒక్కొక్కదాన్ని విడిగా తూచి చూడవలసిందే.

‘డాగ్ విజిల్’ అని తరచుగా వింటున్నాం. అంటే ఏమిటి?

కుక్కల కోసం వాడే ఒక రకం ఈల శబ్దం కుక్కకు వినబడుతుంది, మనిషికి వినబడదు. అలాగే, పైకి మామూలుగా ఉండి, ఒక వర్గం ఓటర్లకు మాత్రం లోపలి అర్థం అందే రాజకీయ సంకేతాన్ని ఆ పేరుతో పిలుస్తారు. 1988 అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ బుష్ సీనియర్‌కు మద్దతుగా వచ్చిన ఒక టీవీ ప్రకటన దీనికి పాఠ్యపుస్తక ఉదాహరణ. డెమోక్రటిక్ అభ్యర్థి డుకాకిస్ గవర్నరుగా ఉన్న మసాచుసెట్స్‌లో విల్లీ హార్టన్ అనే నల్లజాతి ఖైదీ వారాంతపు సెలవుపై జైలునుంచి బయటికొచ్చి, తిరిగి వెళ్లకుండా ఘోరమైన నేరాలు చేశాడు. ప్రకటనలో చెప్పిన నేరం నిజం; చూపించిన హార్టన్ ఫొటో మీదనే వివాదం నడిచింది. 2005లో రిపబ్లికన్ పార్టీ జాతీయ అధ్యక్షుడు కెన్ మెల్‌మన్, నల్లజాతీయుల పౌరహక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. మహాసభకు వెళ్లి, జాతి విభేదాలతో రాజకీయ లబ్ధి పొందాలని తమవారిలో కొందరు చూశారని, అది తప్పని ఒప్పుకున్నారు.

షెర్లీ షెరాడ్ వ్యవహారం అసలు ఏమిటి?

షెర్లీ షెరాడ్ నైరుతి జార్జియాలో ఒక నల్లజాతి రైతు కుటుంబంలో పుట్టారు. 1965లో, ఆమెకు పదిహేడేళ్ల వయసులో, పశువుల విషయమై వచ్చిన తగాదాలో ఒక తెల్లజాతి రైతు ఆమె తండ్రిని కాల్చి చంపాడు. అందరూ తెల్లవారే ఉన్న గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) అతని మీద అభియోగమే మోపలేదు. ఉత్తరాదికి వెళ్లిపోవాలని కలలుగన్న ఆ పిల్ల, తండ్రి చనిపోయిన తరువాత దక్షిణాదిలోనే ఉండి పనిచేస్తానని నిశ్చయించుకుంది. 2009లో ఆమె అమెరికా వ్యవసాయ శాఖలో గ్రామీణాభివృద్ధి విభాగానికి జార్జియా రాష్ట్ర డైరెక్టరుగా నియమితులయ్యారు. ఆ పదవిలో ఆమే మొదటి నల్లజాతీయురాలు.

2010 మార్చిలో ఎన్.ఎ.ఎ.సి.పి. స్థానిక శాఖ విందులో ఆమె మాట్లాడారు. 24 ఏళ్ల కిందట, తాను ఒక రైతు సహకార సంస్థలో పనిచేస్తుండగా, భూమి పోయే స్థితిలో ఉన్న ఒక తెల్లజాతి రైతు సాయం కోసం వచ్చాడని చెప్పారు. ఎందరో నల్లజాతి రైతులు భూములు పోగొట్టుకుంటున్న రోజుల్లో, తనకంటె అధికుణ్ణన్నట్టు మాట్లాడుతున్న ఆ మనిషికి తన శక్తినంతా పెట్టి సాయం చేయాలనిపించలేదని, అతని జాతివాడే అయిన లాయరు దగ్గరికి తీసుకువెళ్లి వదిలేశానని ఆమె దాపరికం లేకుండా చెప్పారు. జూలై 19న ఆండ్రూ బ్రైట్‌బార్ట్ అనే కన్సర్వేటివ్ ప్రచురణకర్త తన వెబ్‌సైటులో పెట్టిన రెండున్నర నిమిషాల ముక్కలో ప్రధానంగా కనబడేది ఇదే.

మొత్తం ప్రసంగం సుమారు 43 నిమిషాలు. ఆ లాయరు రైతుకు ఏమీ చేయలేదని, భూమి వదులుకోమన్నాడని తెలిసినప్పుడు తాను ఉలిక్కిపడ్డానని, మరో లాయరును వెతికిపట్టుకుని ఆ భూమిని నిలబెట్టానని, ఇది తెల్లవారు, నల్లవారు అన్న విషయం కాదని, ఉన్నవారు, లేనివారు అన్న విషయమని అప్పుడే తనకు తెలిసివచ్చిందని మిగిలిన భాగంలో ఆమె చెప్పారు. నేను ఆ ప్రసంగాన్ని రెండుసార్లు మొదటినుంచి చివరివరకు విన్నాను. అది తన మనసులో ఒకప్పుడు ఉన్న కాఠిన్యాన్ని సొంత ఊరివాళ్ల ముందు ఒప్పుకుని, దాన్ని ఎలా దాటిందో చెప్పిన మనిషి మాట. ఒప్పుకోలు వరకే ఉంచి, దాటడాన్ని కత్తిరించేశారు.

ఆమె ఉద్యోగం ఎంత వేగంగా పోయింది?

అదే రోజు పోయింది. ఆమె ప్రభుత్వ కారులో జార్జియాలో ప్రయాణిస్తుండగా వాషింగ్టన్‌నుంచి వరుసగా ఫోన్లు వచ్చాయి. రాత్రికి కన్సర్వేటివ్ వ్యాఖ్యాత గ్లెన్ బెక్ టీవీ కార్యక్రమంలో ఈ విషయం రాబోతోందని, కారు రోడ్డు పక్కన ఆపి వెంటనే రాజీనామా పంపమని పై అధికారి తనతో చెప్పారని షెరాడ్ తరువాత వెల్లడించారు. ఆమె కారు ఆపి, చేతిలోని బ్లాక్‌బెర్రీ ఫోన్లో రాజీనామా టైపు చేసి పంపారు. పూర్తి వీడియో తెప్పించి చూసేవరకైనా ఆగుదామని ఆ సాయంత్రం ఎవరికీ తోచలేదు.

ఇందులో తప్పు ఎవరిది? బ్రైట్‌బార్ట్‌దేనా?

మొదటి తప్పు ఆయనదే. వారం ముందు ఎన్.ఎ.ఎ.సి.పి. తన మహాసభలో, కన్సర్వేటివుల ‘టీ పార్టీ’ ఉద్యమం తనలోని జాత్యహంకారులను బహిరంగంగా దూరం పెట్టాలని తీర్మానం చేసింది. దానికి ప్రతిగానే ఆ వీడియో వచ్చింది. తన గురి షెరాడ్ కాదని, ఆమె మాటలకు తలలూపిన ఎన్.ఎ.ఎ.సి.పి. శ్రోతలని బ్రైట్‌బార్ట్ తరువాత వివరణ ఇచ్చారు. ఆ వివరణ నాకు సమాధానంగా అనిపించదు; ఎవరిని గురి చూసినా బాణం తగిలింది ఆమెకే.

కాని ఆయన ఒక్కడితో ఇది జరిగేది కాదు. ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత బిల్ ఓరైలీ ఆమె రాజీనామా చేయాలన్నారు. తరువాత క్షమాపణ చెప్పారు. ఎన్.ఎ.ఎ.సి.పి. నాయకత్వం తమ సొంత శాఖ దగ్గరే ఉన్న పూర్తి వీడియోను చూడకుండా ఆమెను ఖండించింది. మర్నాడు తాము మోసపోయామని ప్రకటించింది. వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ ఆమెను తొలగించి, జూలై 21న బహిరంగ క్షమాపణ కోరారు. 22న ఒబామా స్వయంగా ఫోన్ చేశారు. ఈ మధ్యలో నిజం బయటపడడానికి ఎక్కువగా తోడ్పడింది ఆ తెల్లజాతి రైతు దంపతులు. వాళ్లు టీవీలో కనబడి, మా భూమిని నిలబెట్టింది ఆమేనని చెప్పారు. పక్షాల లెక్కల్లో లేని ఆ ముసలివాళ్లు మాట్లాడకపోతే ఏమై ఉండేదో అనుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

ఒక మాట మరిచిపోకూడదు. ఏ శాఖనైతే ఒక్క వీడియో అంత భయపెట్టిందో, ఆ వ్యవసాయ శాఖే నల్లజాతి రైతులకు అప్పులివ్వడంలో దశాబ్దాలపాటు వివక్ష చూపించిందని ఆ రైతులు దావా వేశారు. 1999లో కుదిరిన ‘పిగ్‌ఫర్డ్’ ఒప్పందం కింద 100 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించవలసి వచ్చింది. షెరాడ్ దంపతులు, ఇతరులు కలిసి 1969లో స్థాపించిన ‘న్యూ కమ్యూనిటీస్’ అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం, దాదాపు 6,000 ఎకరాలు, కరువుకాలంలో ప్రభుత్వ అప్పు సమయానికి అందక 1985లో చేజారిపోయింది. అంత పెద్ద వివక్షకు పరిహారం తేలడానికి పదుల సంవత్సరాలు పట్టింది. చేయని తప్పుకు ఒక మనిషి ఉద్యోగం తీయడానికి ఒక్క రోజు సరిపోయింది.

పత్రికలు నేరుగా ‘జాత్యహంకార వ్యాఖ్య’ అని రాయకుండా ‘జాతిపరంగా వివాదాస్పదమైన వ్యాఖ్య’ అని ఎందుకు రాసేవి?

తీర్పు చెప్పే పని పాఠకుడిదని, తమది కాదని అమెరికా సంపాదకులు చాలాకాలం భావించారు. ఆ జాగ్రత్తకు మరో పార్శ్వం కూడా ఉంది. 1967 నాటి నగర అల్లర్లపై అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కెర్నర్ సంఘం 1968లో ఇచ్చిన నివేదికలో పత్రికలనూ తప్పుపట్టింది: అవి తెల్లవారి లోకంలో కూర్చుని తెల్లవారి కళ్లతోనే చూస్తున్నాయని, వార్తా విభాగాల్లో నల్లజాతీయులు నూటికి అయిదుగురు కూడా లేరని చెప్పింది. ఎవరికి ఏది ‘వివాదాస్పదం’గా మాత్రమే కనబడుతుందన్నది గదిలో ఎవరు కూర్చున్నారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

2019 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలి నియమావళిని మార్చి, నిజంగా జాత్యహంకారమైనదాన్ని డొంకతిరుగుడు మాటలతో చెప్పవద్దని విలేఖరులకు సూచించింది. జూలై 14న ఆ నియమానికి పరీక్ష వచ్చింది. అధ్యక్షుడు ట్రంప్ నలుగురు డెమోక్రటిక్ మహిళా సభ్యులను ఉద్దేశించి, వాళ్లు వచ్చిన దేశాలకు తిరిగి వెళ్లి అక్కడి సంగతి చక్కబెట్టుకోవాలన్న అర్థంలో ట్వీట్లు చేశారు. నలుగురిలో ముగ్గురు అమెరికాలోనే పుట్టారు. పలు ప్రధాన వార్తాసంస్థలు ఈసారి ‘జాత్యహంకార ట్వీట్లు’ అనే రాశాయి. అయితే నేషనల్ పబ్లిక్ రేడియోలోనే విలేఖరుల శిక్షణ చూసే నల్లజాతి పాత్రికేయుడు కీత్ వుడ్స్ దీన్ని వ్యతిరేకించారు. మాటలను ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తే చాలని, ముద్ర వేయడం పాత్రికేయుల పని కాదని ఆయన వాదించారు. నేను ఆయన పక్షానికే దగ్గరగా ఉన్నాను. అన్న మాటను పూర్తిగా, ఎవరిని ఎక్కడ అన్నారో చెప్పి ముద్రిస్తే, విశేషణం ఉన్నా లేకపోయినా పాఠకుడికి అందుతుంది. మాటను దాచి విశేషణం మాత్రం ఇస్తే, ఎవరి పక్షంవారు వారికి తోచినట్టు ఊహించుకుంటారు.

ప్రతినిధుల సభ ఆ ట్వీట్లను ఖండించినప్పుడు స్పీకరు మాటలే నిబంధనలకు విరుద్ధమన్నారట. నిజమేనా?

నిజమే. 2019 జూలై 16న చర్చలో స్పీకర్ నాన్సీ పెలోసీ అధ్యక్షుడి ట్వీట్లను జాత్యహంకారమైనవిగా పేర్కొన్నారు. అధ్యక్షుడిపై వ్యక్తిగత దూషణ చేయరాదన్న సభా సంప్రదాయం ప్రకారం ఆ మాటలు నియమవిరుద్ధమని తేలింది. అంతకుముందు సభాధ్యక్ష స్థానంలో ఉన్న డెమోక్రాట్ ఇమాన్యుయెల్ క్లీవర్ విసిగిపోయి కుర్చీ వదిలి వెళ్లిపోయారు. చివరికి ఆమె మాటలను రికార్డులో ఉంచాలని సభ ఓటు వేసి, తీర్మానాన్ని 240–187 ఓట్లతో ఆమోదించింది. మాటను ఖండించడానికీ మనిషిని దూషించడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఆ రోజు అమెరికా చట్టసభకే కష్టమైంది.

ఒకరిని జాత్యహంకారి అంటే పరువు నష్టం దావా పడదా?

దావా వేయవచ్చుగాని, ప్రజా పదవుల్లో ఉన్నవారు గెలవడం చాలా కష్టం. అందుకు కారణమైన తీర్పు పౌరహక్కుల ఉద్యమంలోంచే పుట్టింది. 1960 మార్చి 29న న్యూయార్క్ టైమ్స్‌లో మార్టిన్ లూథర్ కింగ్ మద్దతుదారులు ఒక పూర్తి పేజీ ప్రకటన వేయించారు. అలబామాలోని మాంట్‌గమరీలో పోలీసుల దౌర్జన్యాన్ని వర్ణించిన ఆ ప్రకటనలో కొన్ని చిన్న తప్పులు దొర్లాయి. విద్యార్థులు పాడినది జాతీయగీతమైతే మరో పాట పేరు రాశారు, కింగ్‌ను నాలుగుసార్లు అరెస్టు చేస్తే ఏడుసార్లన్నారు. నగర పోలీసు వ్యవహారాలు చూసే కమిషనర్ సల్లివన్ పేరు అందులో లేకపోయినా ఆయన దావా వేశారు, అక్కడి జ్యూరీ 5 లక్షల డాలర్లు ఇప్పించింది. 1964లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టివేసింది. అబద్ధమని తెలిసి రాశారనో, నిజానిజాలను లెక్కచేయకుండా రాశారనో రుజువైతే తప్ప ప్రభుత్వ అధికారికి పరువు నష్టం దక్కదని చెప్పింది. ఆ రక్షణ లేకపోతే దక్షిణాది పోలీసుల గురించి రాసే పత్రికలు అప్పట్లోనే మూతపడి ఉండేవి. అదే రక్షణ నేడు నిర్లక్ష్యంగా ఆరోపించేవారికి కూడా దొరుకుతోంది. ఆ ధర చెల్లించక తప్పదని నేననుకుంటాను.

ఇలాంటి ఆరోపణల వల్ల నాయకుల పదవులు నిజంగా పోతాయా?

ఒకప్పుడు పోయేవి. 1948లో జాతి వేర్పాటు నినాదంతో అధ్యక్ష పదవికి పోటీచేసిన స్ట్రామ్ థర్మండ్ నూరవ పుట్టినరోజు 2002 డిసెంబరు 5న జరిగింది. ఆ రోజు సెనేట్ రిపబ్లికన్ నాయకుడు ట్రెంట్ లాట్, నాడు దేశమంతా థర్మండ్‌కు ఓటు వేసి ఉంటే ఇన్ని సమస్యలు వచ్చేవి కావన్నారు. మొదట పెద్ద పత్రికలు పట్టించుకోలేదు, బ్లాగులు వదలలేదు. డిసెంబరు 20న లాట్ నాయకత్వం వదులుకున్నారు. 2006 ఆగస్టులో వర్జీనియా సెనేటర్ జార్జ్ ఆలెన్, ప్రత్యర్థి పక్షాన తన సభలను వీడియో తీస్తున్న ఒక భారతీయ సంతతి విద్యార్థిని ‘మకాకా’ అని పిలిచి, అమెరికాకు స్వాగతమన్నారు. కోతి జాతి పేరుకు దగ్గరగా ఉండి, కొన్ని చోట్ల తిట్టుగా చెల్లే మాట అది. ఆ అబ్బాయి వర్జీనియాలో పుట్టినవాడు. ఆ దృశ్యం అతని కెమెరాలోనే రికార్డయింది. 23 లక్షలకు పైగా ఓట్లు పోలైన ఆ ఎన్నికలో ఆలెన్ 10,000 లోపు తేడాతో ఓడిపోయారు, దానితో సెనేట్ ఆధిక్యమే చేతులు మారింది.

ఇప్పుడు అలా జరగడం అరుదు. నాయకుడిపై ఆరోపణ వస్తే, అది తమ మీదే వచ్చినట్టు అభిమానులు భావించి ఇంకా దగ్గరవుతున్నారు. ఎవరి చానెలు వారికి ఉండడం కూడా ఇందుకు దోహదం చేసింది.

తప్పుడు ఆరోపణలు కూడా ఉంటాయి కదా?

ఉంటాయి. 2019 జనవరిలో నటుడు జస్సీ స్మాలెట్ తనపై షికాగోలో జాతి విద్వేష దాడి జరిగిందని చెప్పగానే పెద్ద నాయకులు ఖండనలు విడుదల చేశారు. అది ఆయనే ఏర్పాటు చేసుకున్న నాటకమని పోలీసులు చెప్పారు. 2021 డిసెంబరులో జ్యూరీ దోషిగా తేల్చింది. 2024లో ఇలినాయ్ సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది గాని, అది ముందు ప్రాసిక్యూటర్లతో కుదిరిన ఒప్పందం కారణంగానే. అదే 2019 జనవరిలో లింకన్ స్మారకం దగ్గర ఒక ఆదివాసీ వృద్ధుణ్ణి ఎగతాళి చేస్తున్నట్టు కనబడిన కెంటకీ విద్యార్థుల చిన్న వీడియో చూసి దేశమంతా తిట్టిపోసింది. పొడవైన వీడియో వచ్చాక కథ అంత సులువు కాదని తెలిసింది. ఒక విద్యార్థి వేసిన దావాల్లో సీఎన్ఎన్, వాషింగ్టన్ పోస్ట్ 2020లో రాజీ చేసుకున్నాయి. ఒక్కొక్క తప్పుడు ఆరోపణ తరువాత వచ్చే నిజమైన బాధితుడి మాటకు విలువ తగ్గిస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఎదుటివారి మనసు తెలియకుండా మనం ఎలా నిర్ణయించగలం?

మనసును నిర్ణయించనక్కరలేదు. కొన్నేళ్ల కిందట మా అమ్మాయిని స్కూలు బస్సులో ఒక పిల్లవాడు “మీ దేశానికి పో” అన్నాడు. మా అమ్మాయి ఈ జార్జియాలోనే పుట్టింది. స్కూలునుంచి ఫోన్ చేసిన ఆవిడ పది నిమిషాలు మాట్లాడారు. ఆ పదినిమిషాలూ ఆ అబ్బాయి మంచివాడని, మనసులో ఏమీ లేదని చెప్పడానికే సరిపోయింది. “వాడు మంచివాడే అయి ఉంటాడండీ, ఆ మాట అన్నాడా లేదా అన్నది చెప్పండి” అని నేను రెండుసార్లు అడగవలసి వచ్చింది. అన్నాడని ఒప్పుకున్నాక ఏం చేయాలన్నది తేలడానికి రెండు నిమిషాలు చాలింది. సీటు మార్చారు, అబ్బాయి వచ్చి సారీ చెప్పాడు. వాడిది అహంకారమా, ఇంట్లో విన్న మాటా అన్నది నాకు నేటికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు.

ఈ చర్చలు తెలుగువారిని నేరుగా తాకిన సందర్భాలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. 2013 సెప్టెంబరులో తెలుగు దంపతుల కుమార్తె నీనా దావులూరి మిస్ అమెరికాగా గెలిచిన రాత్రే ఆమెను అరబ్బు అని, ఉగ్రవాది అని ట్వీట్లు వచ్చాయి. వాటిని ఏరి చూపించడం వల్ల జాత్యహంకారం బయటపడిందా, ఎవరూ చదవని తిట్లకు లక్షలమంది పాఠకులు దొరికారా అన్నది అప్పటి చర్చ. అదే వారంలో, ఆమె చామనఛాయ చూసి భారతదేశంలోనైతే ఈ పోటీ గెలవనిచ్చేవారా అని కూడా చాలామంది అడిగారు. పెళ్లి సంబంధాల ప్రకటనలు చదివే మనకు ఆ ప్రశ్న గుచ్చుకోవాలి.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును ఒక వ్యక్తి “మా దేశం వదిలిపో” అని అరిచి కాల్చి చంపాడు. స్నేహితుడూ, అడ్డువెళ్లిన ఒక అమెరికా యువకుడూ గాయపడ్డారు. ఈ హత్యకు అధ్యక్షుడు ట్రంప్ మాటలతో ముడిపెట్టడం అర్థరహితమని శ్వేతసౌధ ప్రతినిధి అన్నారు. అధ్యక్షుడు స్వయంగా ఖండించడానికి ఆరు రోజులు పట్టింది. మన ఇళ్లలో ఆ ఆరు రోజులు ఎలా గడిచాయో నాకు గుర్తుంది. హంతకుడి ఉద్దేశం గురించి మాత్రం సందేహం మిగలలేదు. ఫెడరల్ కోర్టులో అతను విద్వేష నేరాన్ని అంగీకరించాడు, యావజ్జీవ శిక్ష పడింది.

2025 ఫిబ్రవరిలో ఎలాన్ మస్క్ నడిపిన ప్రభుత్వ పొదుపు విభాగంలో పనిచేసే పాతికేళ్ల యువకుడొకడు, భారతీయులను ద్వేషించడం మామూలు విషయం కావాలని అంతకుముందు ఏడాది రాసిన పోస్టు బయటపడింది. అతను రాజీనామా చేశాడు. తెలుగు తల్లిదండ్రుల కుమార్తె ఉషను పెళ్లాడిన ఉపాధ్యక్షుడు వాన్స్, బుద్ధిలేని పోస్టులవల్ల ఒక కుర్రవాడి జీవితం పాడుకాకూడదని, అతన్ని తిరిగి తీసుకోవాలని అన్నారు. ముందు అతన్ని క్షమాపణ చెప్పమంటారా అని భారతీయ సంతతి కాంగ్రెస్ సభ్యుడు రో ఖన్నా ప్రశ్నిస్తే వాన్స్ కోపంగా జవాబిచ్చారు. యువకుణ్ణి తిరిగి తీసుకున్నారు. పాతికేళ్లవాడిని క్షమించడం నాకు సమ్మతమే. కాని క్షమాపణ అడగకుండానే క్షమించేస్తే, ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవో వాళ్లకు అందులో పాత్రే లేకుండా పోతుంది.

సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని కర్నూలు జిల్లా విద్యార్థిని చనిపోయిన ఘటన జాత్యహంకారమేనా?

2023 జనవరిలో అతివేగంగా వెళ్తున్న పోలీసు కారు ఆమెను ఢీకొంది. ఆ తరువాత మరో అధికారి ఫోన్లో నవ్వుతూ, ఆమె విలువ అంతంతమాత్రమేనని, 11,000 డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. నగరపాలక లాయర్లు ఇలా బేరమాడతారని ఎద్దేవా చేశానని అతను చెప్పుకున్నాడు. 2024లో అతన్ని ఉద్యోగంనుంచి తొలగించారు. ఆ మాటల్లో జాతి పేరు లేదు. అందువల్ల అహంకారం అన్న ముద్రకోసం పట్టుబట్టడం కంటె, చనిపోయిన మనిషికి ధర కట్టిన మాటనే పట్టుకోవడం మేలని నాకనిపించింది; శిక్ష పడిందీ ఆ మాటకే.

కులవివక్ష చట్టాలపై అమెరికాలో వచ్చిన వివాదం కూడా ఇలాంటిదేనా?

చాలావరకు ఇలాంటిదే, ఈసారి ఆరోపణ మన మీద వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరమండలి కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభలో ఎస్.బి. 403 బిల్లు గెలిచినా, ఉన్న చట్టాలే చాలునంటూ గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో తిప్పిపంపారు. ఇది హిందువులందరినీ అనుమానించే చట్టమని మనవారిలో కొందరు వాదించారు. “మా మనసులో కులం లేదు” అన్న మాట ఆ సభల్లో ఎన్నిసార్లు వినబడిందో! అది అహంకారం గురించిన జవాబు. బిల్లు అడిగినది ఉద్యోగంలో, అద్దె ఇంట్లో జరిగే వివక్ష గురించి. తెల్లవారు మనకు అలాంటి జవాబు చెబితే ఒప్పుకోని మనం, మన దళిత సోదరులకు అదే జవాబు చెప్పకూడదు.

చివరికి షెర్లీ షెరాడ్ ఏమయ్యారు?

వ్యవసాయ శాఖ ఇవ్వజూపిన కొత్త ఉద్యోగాన్ని ఆమె 2010 ఆగస్టులో వద్దన్నారు. బ్రైట్‌బార్ట్‌పై 2011లో దావా వేశారు. 2012లో ఆయన చనిపోయినా అది కొనసాగి 2015లో రాజీతో ముగిసింది. విల్సాక్ 2021లో మళ్లీ వ్యవసాయ మంత్రి అయ్యాక, ఆ శాఖలో వివక్షను పరిశీలించడానికి వేసిన కమిషన్‌లో షెరాడ్‌ను సభ్యురాలిగా తీసుకున్నారు. పిగ్‌ఫర్డ్ ఒప్పందం కింద న్యూ కమ్యూనిటీస్‌కు దక్కిన సుమారు 1.2 కోట్ల డాలర్లతో, 2011లో జార్జియాలోని ఆల్బనీ దగ్గర 1,638 ఎకరాల పాత ఎస్టేటును కొన్నారు. ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన జమీందారు భూమి అది. ఇప్పుడు అక్కడ పీకాన్ గింజల తోటలున్నాయి.